కీమోలో ఉన్న పిల్లలతో పార్కుకి: ముందు తిరుగుదారి

బ్లడ్ క్యాన్సర్ మందులు వాడుతున్న నాలుగేళ్ళ పాపను అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్తామంటే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "ఈ టైములో పార్కేమిటమ్మా, కళ్ళలో పెట్టుకుని చూసుకోవాల్సింది పోయి" అని అమ్మమ్మ. "ఎప్పుడు చూసినా సూదులే, పాపం. ఒక్కరోజు తిప్పి తీసుకురండి, టికెట్లు నేను కొంటా" అని మేనమామ. ఇద్దరిదీ ప్రేమే. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇద్దరూ అడగరు. పార్కులో ఉండగా జ్వరం వస్తే, అక్కణ్ణించి బయల్దేరి పాప నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?

పార్కు రోజు మొత్తాన్నీ ఆ ఒక్క ప్రయాణం చుట్టూ అల్లుకోవాలి. ఆ లెక్క తేలితే హాయిగా వెళ్ళండి, అమ్మమ్మకి కూడా అదే లెక్క చూపించండి. తేలకపోతే మేనమామను ఆ డబ్బు దాచి ఉంచమనండి.

ఇక్కడ చెప్పేది ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్‌కి మెయింటెనెన్స్ దశలో (గట్టి కీమో అయ్యాక జబ్బు తిరగబెట్టకుండా మందులు కొనసాగే దశ) ఉన్న పిల్లల గురించి. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. మొదటి నెల ఇండక్షన్‌లోనూ, ఆ తర్వాత గట్టి కీమో నడిచే నెలల్లోనూ పార్కు మాటే ఎత్తకండి. మెయింటెనెన్స్ సంగతి వేరు. ఏడాదిన్నర, రెండేళ్ళు సాగుతుంది. రోజూ 6-ఎంపీ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, చాలాచోట్ల మధ్యమధ్య విన్‌క్రిస్టిన్ ఇంజెక్షను, దానితోపాటు ఐదు రోజులు స్టెరాయిడ్, కొన్ని వారాలకోసారి వెన్నులో మందు. జుట్టు మళ్ళీ మొలుస్తుంది. కొందరు బడికి కూడా వెళ్తుంటారు. పాప చూడ్డానికి బాగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. తెల్లకణాలు ఒక హద్దు దాటి పెరగకుండా చూసుకుంటూనే డాక్టర్లు మాత్రల మోతాదు సర్దుతుంటారు. అంటే రక్షణ కావాలనే తక్కువగా ఉంచిన శరీరం అది.

అందుకే ఈ పిల్లలకి జ్వరమంటే ఎమర్జెన్సీ. 101 ఫారెన్‌హీట్ ఒక్కసారి కనబడినా, 100.4 గంటసేపు దిగకుండా ఉన్నా వచ్చెయ్యమని చాలాచోట్ల చెబుతారు. 100.4 ఒక్కసారి చాలు అనే ఆసుపత్రులూ ఉన్నాయి. మీ ఫైలు మీద రాసిందే మీ హద్దు. ఆసుపత్రి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలన్నది చాలా క్యాన్సర్ వార్డులు పెట్టుకున్న నియమం. ఆ గంట వాళ్ళ చేతిలో ఉంటుంది. దాని ముందు గంట మీ చేతిలో.

ఆ ముందు గంటను పాడుచేసేది చాలాసార్లు పారాసెటమాల్. "కాస్త వెచ్చగా ఉంది, ఓ చెంచా సిరప్ పోసి చూద్దాం" అంటారు. థర్మామీటరు పెట్టకుండా సిరప్ పోస్తే అంకె దిగిపోతుంది, రక్తంలో ఉన్న బ్యాక్టీరియా దిగదు. సాయంత్రానికి పాప వాలిపోయి, చేతులు కాళ్ళు చల్లబడ్డాక అప్పుడు పరుగు మొదలవుతుంది. ముందు కొలవాలి, తర్వాత ఆసుపత్రికి ఫోను, వాళ్ళు వెయ్యమంటేనే సిరప్. ఐబుప్రోఫెన్ ఉన్న సిరప్ మాత్రం అసలు వద్దు, అది రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడుతుంది. ఎండలో నడిచొచ్చిన పిల్లకి నుదుటి గన్ పెడితే ఎక్కువా చూపిస్తుంది, చెమట పట్టి ఉంటే తక్కువా చూపిస్తుంది. చంకలో పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటరే తీసుకెళ్ళండి. నీడలో పావుగంట కూర్చోబెట్టి, చంక తుడిచి, చెయ్యి గట్టిగా దగ్గరికి పట్టుకుని కొలవండి. గేటు లోపలికి వెళ్ళేముందు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి. చలికి వణికినట్టు వణుకుతోందంటే అంకె ఎంతున్నా బయల్దేరాల్సిందే. పోర్టు (నరంలోకి మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న డబ్బీ) ఉన్న పిల్లల్లో వణుకు ముందొచ్చి జ్వరం వెనక రావచ్చు.

ఇప్పుడు హైదరాబాద్ దారుల లెక్క చూద్దాం. వండర్‌లా 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ పక్కన తెరిచారు. పార్కింగ్ గేటు దగ్గరే కాబట్టి పాపను ఎత్తుకుని నడిస్తే నిమిషాల్లో కార్లో ఉంటారు. అక్కణ్ణించి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి మధ్యాహ్నం రెండింటి ప్రయాణం ఒకటి, సాయంత్రం ఆరింటి ప్రయాణం ఇంకొకటి. రామోజీ ఫిల్మ్ సిటీ కథే వేరు. 1,666 ఎకరాల ప్రాంగణం. మన బండి బయట వదిలి వాళ్ళ బస్సుల్లో లోపలికి వెళ్ళాలి. లోపల తిరిగేది కూడా బస్సులోనే. పాపకి ఒళ్ళు కాలుతుంటే వెనక్కొచ్చే బస్సు కోసం ఎదురుచూడాలి, ఆ పైన విజయవాడ హైవే మీద హయత్‌నగర్, ఎల్బీనగర్ దాటాలి. చూడముచ్చటైన చోటే, కాదనం. ఈ పిల్లలకి మాత్రం మా ఓటు బండి దగ్గరగా ఉండే చోటుకే. రామోజీకే వెళ్ళాలంటే ముందురోజు ఫోన్ చేసి, ఎమర్జెన్సీ అయితే లోపలికి బండి ఎక్కడి నుంచి వస్తుందో, ఎంతసేపట్లో వస్తుందో అడిగి రాసుకోండి.

వెళ్ళాలనుకున్న వారం మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడింటికి, ఐదింటికి బయల్దేరితే ఎంతసేపు పడుతుందో ఫోను మ్యాపులో టైము మార్చిమార్చి చూడండి. గంట దాటిన చోట గీత గీసుకోండి. ఆ గీతకి ముందే పార్కు బయట ఉండాలి. చాలామందికి ఇది మధ్యాహ్నం రెండు దగ్గర తేలుతుంది. అంటే పార్కు తెరిచే వేళకి గేటు దగ్గర ఉండి, మూడు గంటలు గడిపి, ఇంటికి. మూడు గంటలకి అంత టికెట్టా అనిపిస్తుంది. ఆ మాటకి మళ్ళీ వద్దాం.

దారి మధ్యలో రెండో ఆసుపత్రి ఒకటి ఎంచుకోవాలి. ముందురోజే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. పిల్లల డాక్టరు ఇరవైనాలుగు గంటలూ ఉంటారా? కీమోలో ఉన్న పిల్లకి జ్వరమొస్తే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) తీసి, మొదటి డోసు ఇచ్చి మా ఆసుపత్రికి పంపిస్తారా? పోర్టుకి సూది పెట్టడం వచ్చిన నర్సు డ్యూటీలో ఉంటారా? పోర్టుకి మామూలు సూది పనికిరాదు, హ్యూబర్ సూదే కావాలి. మామూలు సూది పోర్టు రబ్బరును కోసేస్తుంది, తర్వాత అక్కడ మందు కారుతుంది. మీ పాపకి వాడే సైజు హ్యూబర్ సూది ఒకటి కొని సంచిలో పెట్టుకోండి. పోర్టు వాడటం తెలిసినవాళ్ళు లేకపోతే చేతి నరంలో ఇచ్చినా చాలు, పోర్టు కోసం వెతుకుతూ గంట పోగొట్టుకోవద్దు.

ఒక సంగతి పెద్దగా ఎవరూ ఆలోచించరు. ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో రివ్యూకి వచ్చి, ఆసుపత్రి చుట్టుపక్కల గది తీసుకుని నాలుగు రోజులు ఉండే కుటుంబాలు చాలా. పార్కు సరదా ఊరెళ్ళాక తీరుద్దామనుకుంటారు. నిజానికి ఆసుపత్రికి దగ్గరగా ఉండే ఆ నాలుగు రోజులే మేలు. కాకపోతే వెన్నులో మందు వేసిన రోజు, మర్నాడు వద్దు. కూర్చుంటే తలనొప్పి రావచ్చు. కార్లో రావిర్యాల దాకా వెళ్ళడం ఖర్చనుకుంటే హుస్సేన్ సాగర్ పక్కన ఎన్టీఆర్ గార్డెన్స్ ఉండనే ఉంది, రెడ్‌హిల్స్‌కి కొద్ది కిలోమీటర్ల దూరమే. నాలుగేళ్ళ పిల్లకి పార్కు పేరుతో పనిలేదు.

ఇక రోజు ఎంచుకోవడం. రెండు మూడు రోజుల లోపు చేసిన సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) చేతిలో ఉండాలి. రిపోర్టులో మొదట చూసే అంకె తెల్లకణాల మొత్తం, దాని కింద న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) శాతం. మొత్తం 2,400 ఉండి న్యూట్రోఫిల్స్ 40 శాతం ఉంటే 960. దాన్నే ఏఎన్‌సీ అంటారు. 500 కంటే తక్కువైతే ఇంట్లోనే. 1,000 దాటితే చాలామంది డాక్టర్లు బయట తిరగనిస్తారు. మధ్యలో ఉంటే వాళ్ళని అడగండి. తప్పు జరిగేది ఎక్కడంటే, మొత్తం 4,000 కనబడగానే "కౌంట్ బాగుంది" అనుకుంటారు. అందులో న్యూట్రోఫిల్స్ 10 శాతమే ఉంటే చేతిలో ఉన్నది 400. ప్లేట్‌లెట్లు 50,000 లోపు ఉంటే పరుగెత్తి పడే చోట్లకి వద్దు. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువుంటే పాపే పావుగంటకి ఎత్తుకోమంటుంది.

కౌంట్ బాగున్నా స్టెరాయిడ్ ఐదు రోజులూ, ఆ వెంటనే వచ్చే రెండు మూడు రోజులూ వదిలెయ్యండి. ఆ రోజుల్లో పాపకి అరగంటకోసారి ఆకలి, ప్రతిదానికీ ఏడుపు, కాళ్ళలో సత్తువ ఉండదు. విన్‌క్రిస్టిన్ తర్వాత వారం మలబద్ధకం, దవడ నొప్పి. కొందరికి పాదం ముందుభాగం పైకి లేవక నడుస్తుంటే వేళ్ళు నేలకి తగులుతాయి. చెప్పులేస్తే ఖాయంగా తొట్రుపడి పడతారు. వెల్‌క్రో పట్టీ ఉన్న మూసిన బూట్లు వెయ్యండి.

మామూలు రోజైతే రద్దీ ఉండదనుకుంటే పొరపాటే. డిసెంబరు, జనవరి నెలల్లో మంగళవారమైనా సరే, స్కూళ్ళ విహారయాత్రల బస్సులు వరసగా దిగుతాయి. ఒక్కో బస్సులో యాభై మంది పిల్లలు, యాభై ముక్కులు. కౌంటర్‌కి ఫోన్ చేసి "రేపు స్కూల్ గ్రూపులు ఏమన్నా ఉన్నాయా" అని అడిగితే చెబుతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో భయం, ఆటలమ్మ. మన ఇళ్ళలో అమ్మవారు పోసిందంటే మందు వెయ్యకూడదు, బయటికి చెప్పకూడదు అనే పట్టింపు ఇంకా ఉంది. కీమోలో ఉన్న పిల్లకి ఆ మౌనం ప్రాణం మీదికి తెస్తుంది. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకుంటుంది కాబట్టి, తోడొచ్చిన పెద్దమ్మగారి పిల్లలకి ఆ తర్వాత పొక్కులు కనబడితే దాచకుండా చెప్పమని బతిమాలి చెప్పండి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే యాంటీబాడీల ఇంజెక్షను ఇవ్వాలా, మాత్రలా అని వాళ్ళు చూస్తారు. ఆ ఇంజెక్షను నాలుగు రోజుల్లోపు పడితే మంచిది, పది రోజులు దాటితే దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు టికెట్ల సంగతి. పార్కులో ఈ పిల్లలకి తగిలే క్రిముల్లో అన్నిటికన్నా మొండిది "డబ్బులు గిట్టుబాటు కావాలి" అనే ఆలోచన. తేదీ వేసిన ఆన్‌లైన్ టికెట్లు ముందే కొంటే, ఆ ఉదయం 99.8 ఉన్నా "ఏం కాదులే, ఎండకి" అనిపిస్తుంది. అందుకే సీబీసీ వచ్చాకే కొనండి. కుదిరితే ఆ ఉదయం కౌంటర్లోనే. నాలుగు రూపాయలు ఎక్కువైనా పర్లేదు. క్యూ తప్పించే ఖరీదైన టికెట్టు మీద మాత్రం ఖర్చు పెట్టకండి. ఆ టికెట్టు పనికొచ్చేది పెద్ద రైడ్లకి, ఈ పాప వాటి జోలికే వెళ్ళదు.

వెళ్ళకూడదు కూడా. ఒక్క ప్లేట్‌లెట్లే కారణం కాదు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఎముకల్ని గుల్ల చేస్తుంది, కుదుపుకి వెన్నుపూస నొక్కుకుపోయిన పిల్లలున్నారు. పోర్టు కాలరెముక కింద ఉంటుంది, సరిగ్గా భుజం మీద నుంచి దిగే బిగింపు కడ్డీ అక్కడే ఒత్తుతుంది. రంగులరాట్నం, పిల్లల రైలు, మెల్లగా తిరిగే కప్పులు చాలు. ఈ వయసు పిల్లలు ఒకే రైలు ఆరుసార్లు ఎక్కుతామంటారు. ఎక్కనివ్వండి. "అన్నీ చూద్దాం రా" అని లాక్కెళ్ళేది ఎప్పుడూ పెద్దవాళ్ళే. మూసిన హాల్లో త్రీడీ సినిమా కంటే ఆరుబయట రైలు వందరెట్లు నయం, గాలి ఆడుతుంది.

నీళ్ళ ఆటలు వద్దు. ఈ ఒక్క మాట మీద బేరం లేదు. చేతికి పిక్ లైను (చేతి నరంలోంచి లోపలికి వేసిన మందు గొట్టం) ఉంటే అది నీళ్ళలో మునగనే కూడదు. సూది పెట్టని పోర్టుకి నీళ్ళు తగిలితే ఫర్వాలేదు, కానీ వేవ్ పూల్ సమస్య పోర్టుది కాదు. క్లోరిన్ సరిగ్గా కలిపిన నీళ్ళలో కూడా క్రిప్టోస్పొరీడియం అనే సూక్ష్మ పరాన్నజీవి రోజుల తరబడి బతుకుతుంది. మామూలు పిల్లకి అది వారం పది రోజుల విరేచనాలు, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లకి నెలలు పట్టొచ్చు. శానిటైజర్ దాన్ని ఏమీ చెయ్యదు, చేతులు సబ్బుతోనే కడగాలి. నీళ్ళు చూస్తే ఏడుస్తుందనుకుంటే ఆ వైపు దారి పట్టకుండా పార్కు మ్యాపు ముందే చూసుకోండి. అందుకోసమే నీళ్ళ పార్కు పక్కన లేని చోటు వెతుక్కున్నా తప్పులేదు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మెథోట్రెక్సేట్, 6-ఎంపీ, న్యుమోనియా రాకుండా వారంలో రెండు మూడు రోజులు వాడే కోట్రైమాక్సజోల్, మూడూ చర్మాన్ని ఎండకి తొందరగా కమిలేలా చేస్తాయి. పొడుగు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ. స్ట్రోలర్ మీద తువ్వాలు కప్పి నీడ చేశామనుకోకండి, గాలాడక లోపల పొయ్యిలా ఉడుకుతుంది.

తాగడానికి సీలున్న నీళ్ళు, ఓఆర్ఎస్. దీనిలో జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: లీటరు నీళ్ళకని ఉన్న పెద్ద ప్యాకెట్టును అరలీటరు సీసాలో గుమ్మరిస్తారు. ఉప్పు రెట్టింపై దాహం పెరుగుతుంది, వాంతవుతుంది. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, అవి తీసుకెళ్ళండి. 200 మిల్లీలీటర్ల సీసా నింపుకుని ఒకటి కలిపితే లెక్క తప్పదు. ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదంది. ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

తిండి విషయంలో పార్కులు బయటి డబ్బాలు ఆపుతాయి. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించి ముందే అనుమతి అడగండి. ఇంటి నుంచి తెచ్చినా ఎండకాలం గంట దాటిన అన్నం వద్దు, ఇంటి పెరుగన్నం కూడా. అక్కడ తినాల్సొస్తే కళ్ళెదుట నూనెలోంచి తీసిన వేడి పూరీ, వేడి ఇడ్లీ తినొచ్చు, దాని పక్కన గిన్నెలో పొద్దుట్నుంచి ఉన్న కొబ్బరి చట్నీ వద్దు. తరిగిన పండ్లు, ఐస్ గోలా, చెరకు రసం వద్దు. అరటిపండు, కమలాపండు మీరే ఒలిచి పెట్టండి.

పాప మెడలో కాకుండా మీ జేబులో ఒక కార్డు ఉండాలి. జబ్బు, దశ, చివరి సీబీసీ తేదీ, అంకెలు, బ్లడ్ గ్రూపు, పోర్టు ఏ వైపు, పడని మందులు, ఆసుపత్రి డ్యూటీ నంబరు. కింద పెద్ద అక్షరాల్లో రెండు వాక్యాలు: కండలోకి ఇంజెక్షను వద్దు. మలద్వారం నుంచి మందు గానీ థర్మామీటరు గానీ వద్దు. పార్కు ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండేవాళ్ళు మంచి మనసుతోనే జ్వరం సూది వేసేస్తారు, తక్కువ ప్లేట్‌లెట్లున్న పిల్లకి కండలో రక్తం గూడుకడుతుంది.

పెద్దవాళ్ళు ఇద్దరు తప్పనిసరి. అన్న కూడా వస్తుంటే ముగ్గురైతే మేలు. పాపతో ఒకరు పరుగెత్తితే అన్నతో ఇంకొకరు ఉండాలి కదా. ఆ అన్నకి ముందే చెప్పండి, మధ్యలో లేచి రావాల్సి రావచ్చని. చెప్పకపోతే ఆ తిరుగు ప్రయాణంలో వాడి ఏడుపు, ఆ పైన "నీ వల్లే" అనే మాట. దాన్ని పాప మర్చిపోదు.

జబ్బు వేరైతే లెక్క మారుతుంది. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకి, మన ఏజెన్సీ ప్రాంతాల్లో వీళ్ళు ఎక్కువ, న్యూట్రోఫిల్స్ తగ్గడం కంటే చలి, దాహం శత్రువులు. తడిసిన ఒంటికి గాలి తగిలినా నొప్పుల దాడి మొదలవ్వచ్చు. సున్నాకి కింద ఐదు డిగ్రీల్లో ఉంచే స్నో వరల్డ్ వాళ్ళకి కానుకగా ఇవ్వాలనుకునే బంధువుల్ని సున్నితంగా ఆపండి. గుండె జబ్బు పిల్లల సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో తేలేది కాదు, ఆపరేషను చేసిన డాక్టరే చెప్పాలి.

నయం కాదని తేలిన పిల్లల విషయంలో పైన చెప్పిన సగం రూల్స్ పక్కన పెట్టొచ్చు, పెట్టాలి. ఎంఎన్‌జేలో పిల్లలకి పాలియేటివ్ వైద్యం, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం, ఉంది. అక్కడివాళ్ళు కౌంట్ కంటే ముందు నొప్పి గురించి అడుగుతారు. కారు కుదుపులకి అరగంట ముందు నోటి మార్ఫిన్ అదనపు డోసు, సంచిలో ఇంకో రెండు డోసులు, దానితోపాటు ప్రిస్క్రిప్షను కాగితం. ఐస్‌క్రీమ్ అడిగితే ఐస్‌క్రీమ్. జ్వరమొస్తే ఆసుపత్రికా, ఇంటికా అన్నది బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి, పార్కు బెంచీ మీద కాదు. మూడేళ్ళు నిండిన పిల్లలైతే మేక్-ఎ-విష్ ఇండియాని అడగొచ్చు. అలాంటి సంస్థలు వచ్చినప్పుడు పెద్ద కార్యక్రమం, ఫొటోలు, దండలు మొదలవుతాయి. పాప అలసిపోయిన నిమిషం ఆపేసే హక్కు మీదేనని ముందే చెప్పండి.

ఇంటికొచ్చాక బట్టలు మార్చి, సబ్బుతో స్నానం చేయించి, పోర్టు మీద చర్మం ఎర్రబడిందేమో, ఎక్కడన్నా కమిలిందేమో చూడండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి జ్వరం కొలవండి, రెండు మూడు రోజులపాటు. అలసిపోయి నిద్రపోయిందని ఆ రాత్రి 6-ఎంపీ మాత్ర మర్చిపోయేవాళ్ళు చాలామంది, ఫోన్లో అలారం పెట్టుకోండి. ఆ సంచి మాత్రం విప్పి సర్దెయ్యకండి. థర్మామీటరు, కార్డు, హ్యూబర్ సూది, ఫైలు, కారు తాళం అలాగే తలుపు పక్కన ఉండనివ్వండి. జ్వరం రాత్రి రెండింటికి కూడా వస్తుంది.